నాలుగు వేళ్ళు దిగిన మిద్దె

మొన్న ఫోను ఎందుకు బోర్లా పెట్టేశానని మీరిద్దరూ మీ నాన్నను అడిగారట. అలిగాననుకున్నారట. అలక కాదమ్మా. చెబుతాను, వినండి. మీరు అంత దూరాన ఉన్నారు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలదు.

మీ నాన్న ఏదో పని మీద కర్నూలు పోయి, పాత ఊళ్ళో సందులన్నీ వెతుక్కుంటూ నడిచి, "అమ్మా, నువ్వు పుట్టి పెరిగిన మిద్దె ఈడేనా?" అని ఫోన్లో చూపించాడు. మీరూ చూశారు. మీకు కనిపించింది ఎర్రమట్టి, ఒక పసుపుపచ్చ యంత్రం, అంతే కదా. నాకూ అంతే కనిపించింది. సందు చివర ఎప్పుడూ కనబడని ఆకాశం కనబడింది. అందుకే బోర్లా పెట్టేశాను.

ఇప్పుడు మీరు ఫ్లాట్లంటారే, మాదీ అట్లాంటిదే. ఎనిమిదిండ్ల మిద్దె అనేవాళ్ళు. కింద నాలుగిండ్లు, పైన నాలుగిండ్లు, అందరికీ ఒకటే బావి, ఒకటే రాతి మెట్ల దారి. ఆ మెట్లు మధ్యలో ఒక మలుపు తిరిగేవి. అక్కడ పట్టపగలు కూడా చీకటే. కళ్ళు మూసుకుని ఎక్కినా ఎవరి గడప దగ్గరున్నామో వాసన చెప్పేది. మా ఇంట్లో గురుగాకు పప్పు, జొన్న రొట్టె. మా పక్కన మిషన్ బడి అయ్యవారిల్లు, ఆయన ఆదివారం తెల్లగుడ్డలేసుకుని చర్చికి పోయొచ్చేసరికి పొయ్యి మీద కూర ఉడుకుతుండేది. మా నెత్తి మీద, పైన మూలింట్లో, బూబమ్మ. ఆమె ఇంటి నుంచి నెయ్యిలో వేగే సేమ్యాల వాసన మెట్లు దిగి వచ్చి మమ్మల్ని చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయేది.

బూబమ్మకు ఇద్దరు కూతుళ్ళు. చిన్నది నా జతగత్తె. ఇద్దరికీ తొమ్మిదేళ్ళు. పెద్దామెను నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. ఆమె పెళ్ళయి ఆదోని పోయింది. నేను చెప్పబోయే ఎండాకాలం తొలికాన్పుకని పుట్టింటికొచ్చింది.

మా జేజి, అంటే మా నాయన తల్లి, ఆ ఎనిమిదిండ్లకూ పెద్ద దిక్కు. ఎవరింట్లో దగ్గు వినబడినా మిరియాల కషాయం పట్టుకుని పోయేది. ఎవరైనా గొంతు పెంచితే, "ఏమప్పా, బావిలో ఉండే కప్పలు బెదురుకుంటాండాయి, గమ్మునుండు" అనేది. ఆమెకూ బూబమ్మకూ మాటల్లో పెద్దమ్మా బిడ్డా వరస. మతాల సంగతి మాకు పండగలప్పుడు తిండి మారినప్పుడే గుర్తొచ్చేది.

ఆ కాలపు మిద్దెలు మీకు తెలియవు. సిమెంటు లేదు. గోడల మీద పెద్ద దూలం, దాని మీద దంతెలని సన్నవాసాలు, వాటి మీద నాపబండలు, ఆ పైన మన్ను. మన్ను మీద చౌడు. చౌడంటే హంద్రి ఏటి ఒడ్డున బూడిద రంగులో దొరికే ఉప్పునేల మట్టి. తడిస్తే బిగుసుకుంటుంది, నీటిని కిందికి పోనివ్వదు. అందుకని ఏటా వానలకు ముందు బండ్ల మీద చౌడు తెప్పించి మిద్దె మీద పోసేవాళ్ళు. పైకప్పు మధ్యన మూరెడు వెడల్పు కంత ఒకటి, చుట్టూ రాతి అంచు. గవాక్షి అంటాం. వెలుతురూ గాలీ దాన్నుంచే. వానొస్తే బండ మూసేవాళ్ళు.

మా మిద్దెకు ఒక కట్టుబాటు ఉండేది. కొత్త చౌడు పోస్తారు గానీ పాతది ఎన్నడూ దించరు. మిద్దె మీది మన్ను దిగిందంటే ఇల్లు విప్పినట్టే లెక్క, ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే లెక్క. మా జేజి అత్తగారు అట్లా చెప్పారట. ఆమెకు ఆమె అత్తగారు చెప్పారట. గోచీ పెట్టుకున్న పిల్లాడి దగ్గర్నుంచి అందరికీ తెలిసిన నియమం అది. కొత్తది పోస్తూ పోస్తూ మిద్దె పైకప్పు నా మోకాలి దాకా లావెక్కింది.

ఆ ఎండాకాలం అక్క మంచం గవాక్షి కింద వేయించుకుంది. మిగతా ఇల్లంతా ఉక్క. ఆమెకు నోరు చప్పబడి పచ్చి మామిడికాయ కావాలని ప్రాణం లాగేది. "కాన్పు దగ్గర పడినాక పులుపేంది, బిడ్డకు దగ్గొస్తాది" అని బూబమ్మ కళ్ళు పెద్దవి చేసేది. ఇంక మేమెందుకున్నాం?

మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా కునుకు తీసే వేళ, నేనూ నా జతగత్తే మిద్దె ఎక్కేవాళ్ళం. కాళ్ళు కాలుతుంటే తడిగుడ్డ చుట్టుకుని. గవాక్షి అంచు మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, దానికి తాడు ముడేసి, తాడు కొసకు గుడ్డతిత్తి కట్టాం. తిత్తిలో మామిడి బద్దలు, ఉప్పు, కారం. తిత్తి అక్క పక్కన, మంచానికి ఆనీ ఆనకుండా వేలాడేంత పొడవు. అక్క బద్దలు తీసుకుని, అదే తిత్తిలో మాకు బెల్లం మలిద ముద్దలు పెట్టేది. చప్పుడు చేయకుండా నవ్వేది. నవ్వినప్పుడు కడుపు ఊగేది. అది చూసి మాకింకా నవ్వు.

అది దొరికితే తన్నులే. మామిడికాయ ఒక ఎత్తు. బూబమ్మది గోషా ఇల్లు. లోపల ఆడవాళ్ళు ముసుగు లేకుండా ఉంటారు కాబట్టి చౌడు పోసే రోజు తప్ప ఎవరూ మిద్దె ఎక్కకూడదు. ఆ రోజు కూడా గవాక్షి మీద బండ మూసేవాళ్ళు. "గవాక్షిలో తొంగి చూసిన బిడ్డను నేనే కాళ్ళిరగ్గొడతా" అని జేజి అందరి ముందరా అన్నది. అన్న మాట చేసే మనిషే.

ఒకరోజు అక్క పైకి చూస్తూ మెల్లగా అంది. "మేయ్ పిల్లల్లారా, ఆ దూలం పటుక్కు పటుక్కుమంటాంది. మీకు ఇనబడ్తాందా?"

మేం చెవి మిద్దెకానించాం. ఏమీ వినబడలేదు.

"అమ్మతో చెప్పొద్దండీ. చెప్తే నన్ను కిందింటి చీకటి కొట్టిడీలో పండబెడ్తాది. నాకు ఊపిరాడదు."

ఒట్టు పెట్టించుకుంది. మేం పెట్టాం.

ఆ వారంలోనే ఒక జల్లు పడి, అక్క మంచం మీద చుక్కలు కారాయి. బూబమ్మ దిగి వచ్చి జేజితో చెప్పింది. జేజి లేచి నడుముకు కొంగు బిగించింది.

"కడుపుతో ఉండే బిడ్డ మీద చినుకు పడేదేంది? నేను బతికుండంగనా?"

మర్నాడే బండి చౌడు వచ్చింది. మట్టిపని చేసే ముసలితాత ఒకాయన ఏటా వచ్చి కొత్త చౌడు గట్టిపడేటట్టు దిమ్మిస కొట్టేవాడు. ఆయన బూబమ్మ మూల మీద రెండడుగులు వేసి ఆగిపోయాడు. మడమతో తట్టి చూశాడు.

"అవ్వా, ఈ మూలకు ఇంక వద్దు. దూలం అలిసిపోయిండాది. పాత చౌడు మోకాలంత దించి, పల్చగా కొత్తది పోద్దాం."

"దించేదా?" జేజి గొంతు పైకి లేచింది. "నిండు చూలాలుండే ఇంటి మీద మన్ను దించేదా? నోట్లో నుంచి యట్లొచ్చిందప్పా ఆ మాట?"

"నేను దూలం సంగతి చెప్తాండా తల్లీ."

"దూలం నీ మాదిరి ముసిలిదనుకుంటివా? మా మామ ఏయించిన టేకు అది."

తాత నవ్వాడు. "టేకైతే చెదలుకు చుట్టమా అవ్వా, తినకుండా ఇడిసేకి?" అని దిమ్మిస భుజానికెత్తుకుని, ఆ మూల తప్ప మిగతాదంతా కొట్టి పోయాడు. ఆ మూల మీద మాత్రం జేజి నిలబడి ముప్పై గంపలు ఎక్కువ పోయించింది. ఎనిమిదిండ్ల ఆడవాళ్ళూ వరసగా మెట్ల మీద నిలబడి చేతులు మార్చారు. బడి అయ్యవారి భార్య కూడా కొంగు దోపుకుని వచ్చింది. నేనూ నా జతగత్తే చిన్న గంపలు మోశాం. అక్క కోసం కదా అని పోటీ పడి మోశాం. ఎక్కువ ఎవరు మోశారో చెప్పమని జేజిని అడిగితే, "ఇద్దరూ గాడిదలే" అని ముద్దు పెట్టుకుంది. ఆమె ముఖమంతా చౌడే. ఆ రాత్రి అందరం చాలా సంతోషంగా పడుకున్నాం.

రెండు రోజులాగి మళ్ళీ తిత్తి దించాం. ఎప్పుడూ మంచానికి ఆనకుండా ఆగేది, ఆ రోజు మంచం మీద ఆనింది. తిత్తి అక్క కడుపు పక్కన కూర్చుంది.

"నువ్వు తాడు మార్చినావు" అంది నా జతగత్తె.

"నేనెందుకు మారుస్తా? ముడి సూడు, నువ్వేసిందే."

"సాగిందేమో మే."

"నారతాడు ఎండలో సాగుతాదా?"

తాడు పైకి లాగి మూరలు వేశాం. అంతే ఉంది. మళ్ళీ దించాం. మళ్ళీ మంచం మీద ఆనింది. నా జతగత్తె గవాక్షి అంచు మీద చెయ్యి పెట్టి, తాడు ఎంత ఎక్కువైందో వేళ్ళతో కొలిచింది. నాలుగు వేళ్ళు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తాడు పెరగలేదు. మేం కూర్చున్న మిద్దే కిందికి దిగింది.

కింద అక్క నవ్వు మానేసింది. ఆమెకూ తెలిసింది. "రేపు అమ్మతో నేనే చెప్తా. మీరు దిగండి, బిరీన దిగండి" అంది.

ఆ మాటతో మా బరువు దిగిపోయింది. అక్క చెబుతానంది కదా, ఇంక మాకేం. హాయిగా దిగిపోయాం. కర్రా తాడూ అక్కడే వదిలేశాం.

తెల్లారేసరికి అక్కకు నొప్పులు. అనుకున్న రోజుకంటే ముందే వచ్చాయి. మంత్రసాని వచ్చి తలుపు మూసింది. బిడ్డ భూమ్మీద పడేదాకా ఆ తలుపు తీయకూడదు, మంచం కదపకూడదు. లోపల అక్క అరుపులు. ఆమెకు దూలం గుర్తుంటుందా? మిట్టమధ్యాహ్నానికి తుంగభద్ర వైపు నుంచి మబ్బు నల్లగా లేచింది.

నేను బావి దగ్గర నిలబడి ఉన్నాను. నా జతగత్తె నా చెయ్యి పట్టుకుంది. "మేయ్, మీ జేజితో చెప్పేద్దాం."

"చెప్తే కర్రా తాడూ కనబడ్తాయి. కాళ్ళిరగ్గొడ్తాది."

"ఇరగ్గొడ్తే కొట్టనీలే. మా అక్క ఉండాది లోపల."

అప్పుడు నాకు తెలివి వచ్చింది పిల్లలూ. తొమ్మిదేళ్ళ తెలివి. "నేను పోయి జేజితో దూలం శబ్దం చేస్తాందని చెప్తా. నువ్వు మిద్దెక్కి కర్రా తాడూ తీసేయ్. ఇంక మనం ఎక్కినట్టు ఎవరికీ తెలీదు" అన్నాను.

"వానొస్తాంది మే."

"వచ్చేలోపు దిగొచ్చేయ్. పో."

ఆ పిల్ల పోయింది. పరికిణీ ఎత్తిపట్టుకుని మెట్ల మలుపు తిరిగేదాకా చూశాను.

జేజి మా వసారాలో పసిబిడ్డకని పాత చీర చింపి గుడ్డలు మడతపెడుతోంది. దూలం సంగతి చెప్పాను.

"నీకు ఎవరు చెప్పినారు?"

"అక్క."

"అక్క నీకు ఎప్పుడు చెప్పింది?"

జేజి మళ్ళీ గుడ్డలు మడతపెట్టింది. "నొప్పులు పడే ఇల్లు, అపశకునం మాటలు మాట్లాడొద్దు. పో, నీళ్ళు తోడు."

చినుకులు మొదలయ్యాయి. పెద్ద చినుకులు, బావి గట్టు మీద చెళ్ళున పడుతున్నాయి. ముప్పై గంపల కొత్త చౌడు నీళ్ళు తాగి బరువెక్కడం మొదలుపెడుతుంది. నేను జేజి మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాను. "నాలుగు వేళ్ళు దిగింది జేజీ. నేను కొలిసినా. నాలుగు వేళ్ళు."

ఎట్లా కొలిచావని జేజి అడగలేదు. నా ముఖం చూసింది. ఆమె ముఖంలో రంగు మారడం నేను చూశాను. గుడ్డలన్నీ ఒళ్ళోంచి జారిపోయాయి. అరవై దాటిన మనిషి మెట్లు రెండేసి ఎక్కింది. తలుపు రెండు చేతులతో బాదింది.

"బూబమ్మా, తలుపు తియ్యి! బిడ్డను బయటికి తియ్యి!"

"తల కనబడేటట్టుండాది, యాడికి కదిలించేది?" లోపల్నుంచి మంత్రసాని అరిచింది.

"దూలం సూడు ముందు!"

తలుపు తెరుచుకుంది. దూలం కింద నుంచి పిండి రాలినట్టు మన్ను రాలుతోంది. మంచం మెట్ల మలుపులో తిరగదు. దుప్పట్లో వేసి నలుగురాడవాళ్ళు నాలుగు కొసలు పట్టుకున్నారు. జేజి తలవైపు పట్టుకుని, "ఓర్చుకో తల్లీ, ఓర్చుకో, మా ఇంట్లో కనువులే" అంటూ వెనక్కి వెనక్కి దిగింది. మెట్ల నిండా మనుషులు. మా ముందరి పడసాలలో అక్కను దించారు. బూబమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని చుట్టూ చూసింది.

"నా చిన్నది యాడ?"

నేను నోరు తెరవలేదు. దిగొచ్చి ఉంటుందిలే అనుకున్నాను. దిగలేదని నాకు తెలుసు. మెట్ల మీద అంతమంది ఉంటే, చేతిలో తాడుతో ఎట్లా దిగుతుంది? అందరూ పోయేదాకా పైనే నక్కి ఉంటుంది. అదంతా నాకు తెలుసు.

అప్పుడే కూలింది.

ఉరిమినట్టు ఉంటుందనుకుంటారు. అట్లా లేదు. వెయ్యి గోతాల ధాన్యం ఒక్కసారి కుమ్మరించినట్టు, బరువుగా, మెత్తగా. మెట్ల దారి గుండా తెల్లటి పొగలాగా చౌడు దుమ్ము దిగింది. ఆ దుమ్ములో బూబమ్మ పైకి పరిగెత్తింది. మా నాయన, బడి అయ్యవారు, సందులోని మగవాళ్ళందరూ ఎక్కారు. గోషా లేదు, ఏమీ లేదు. చేతులతో తవ్వారు. నేనూ పోయాను. మూలింటి గోడలు నిలబడే ఉన్నాయి, పైన ఆకాశం, వాన. తెగిన పైకప్పు అంచున చౌడు పొరలు పొరలుగా కనబడుతోంది. తెలుపు, బూడిద, పసుపు, మళ్ళీ తెలుపు. మేం పుట్టకముందు ఏళ్ళవీ, పుట్టిన తర్వాతి ఏళ్ళవీ అన్నీ అక్కడున్నాయి. జేజి ఆ పొరలనే చూస్తూ వానలో నిలబడిపోయింది.

కింద మా ఇంట్లో బిడ్డ ఏడుపు వినబడింది. ఆ ఏడుపు విని తవ్వుతున్న వాళ్ళు ఒక్కసారి తలలెత్తి, మళ్ళీ తవ్వారు.

నా జతగత్తెను బయటికి తీసేసరికి పిండిబొమ్మలా ఉంది. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. దూలం ముక్క కుడికాలి మీద పడింది. ప్రాణం దక్కింది, కాలు మాత్రం దక్కలేదు. పెద్దాసుపత్రిలో మూడు నెలలుంది. బయటికొచ్చాక కర్ర లేకుండా ఒక్క అడుగు వేయలేకపోయేది.

మంచం పక్కన బూబమ్మ తల బాదుకుంటూ అడిగేది. "ఎందుకు పోతివే పైకి? ఎవరు పంపినారే నిన్ను?"

"ఎవరూ పంపల్యా మా. వాన సూద్దామని నేనే పోయినా."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ పిల్ల నా వైపు చూడను కూడా చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని కాబోలు.

మా జేజి ఆ పాపమంతా తన నెత్తినే వేసుకుంది. "నా చౌడు తల్లీ, నా చౌడే ఆ బిడ్డ కాలు తీసింది" అని బూబమ్మ కాళ్ళ మీద పడబోతే, బూబమ్మ పట్టుకుని, "నా పెద్దబిడ్డను మోసుకొచ్చిన చేతులు పెద్దమ్మా ఇవి" అని ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వానలు తగ్గగానే జేజి ఆ తాతను పిలిపించి, మిగిలిన మిద్దె మీది పాత చౌడంతా దింపించింది. మొదటి గంప తనే మోసుకుని దిగింది. సందులో వాళ్ళు చూసి, "ఎవరు పోయినారు మీ ఇంట్లో?" అని అడిగారు. జేజి గంప కుమ్మరించి మళ్ళీ మెట్లెక్కింది.

ఆమె ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. చివరి రోజుల్లో మగతలో కూడా, "ఆ బిడ్డ కాలు ఎట్లుండాది?" అని అడిగేది. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉండేది. చెబితే ఆమె బరువు సగమైనా తగ్గేది. నాకప్పుడు పదమూడేళ్ళు, చెప్పే తెలివి వచ్చింది. చెప్పలేదు.

ఆ పిల్ల ఆసుపత్రి నుంచి రాగానే బూబమ్మ వాళ్ళు పెద్దకూతురుండే ఆదోనికి వెళ్ళిపోయారు, ఆ రోజు జట్కాబండి సందులోకి రాలేక మొదట్లోనే ఆగింది. నా జతగత్తెను వాళ్ళ నాయన ఎత్తుకుని కూర్చోబెట్టాడు. నేను చక్రం దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల కిందికి వంగి, నా చెవిలో అంది.

"నేను ఎవరితోనూ చెప్పల్యా మే. నువ్వూ చెప్పొద్దు. తన్నులు పడ్తాయి నీకు."

బండి కదిలింది. నేను చెయ్యి ఊపాను. ఆ తర్వాత ఆమెను చూడలేదు. ఉందో లేదో తెలియదు.

మొన్న ఆ ఖాళీ జాగా చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ జట్కా. ఇంతకాలం మిగిలిన ఆ ఏడిండ్లు నిలబడి ఉన్నంతవరకూ, ఒకనాడు అక్కడికి పోయి ఏదో ఒక తలుపు తట్టి ఆమె జాడ అడగవచ్చని ఎక్కడో అనుకుంటూ ఉన్నానేమో. ఇప్పుడు తట్టడానికి తలుపు లేదు. మిగిలింది మీరే, అందుకే మీకు చెబుతున్నాను.

ఇంకొక్కటి ఉంది, అది కూడా చెప్పేస్తాను. జట్కా మలుపు తిరిగాక నేను ఇంట్లోకి పోయాను. ఇంక ఎవరికీ తెలియదు అనుకున్నాను. మూడు నెలలుగా నాకు అన్నం సయించలేదని అమ్మ దిగులు పడుతుండేది. ఆ పూట వేడివేడి జొన్న రొట్టెలు రెండు, ఎర్రకారం నంజుకుని తిన్నాను. మూడోది నేనే అడిగి పెట్టించుకున్నాను. బిడ్డకు ఆకలి తిరిగొచ్చిందని అమ్మ కళ్ళు తుడుచుకుంది.